నలుగురు పెద్దమనుషుల పేరు మీద వద్దు: కలిసి భూమి కొనబోతున్న ఊళ్లకు బహిరంగ లేఖ

తలా ఇంత వేసుకుని ఊరికి భూమి కొందామని చందాలు మొదలుపెట్టిన గ్రామ కమిటీలకు, మహిళా సమాఖ్యలకు, యువజన సంఘాలకు నమస్కారం.

ఊరి పక్కన పదెకరాలు అమ్మకానికి వస్తాయి. పట్నం నుంచి కార్లు వచ్చి చూసిపోతుంటాయి. పశువులు మేసేది అక్కడే, పిల్లలు ఆడేది అక్కడే, వాడవాళ్లకు శ్మశానం దారి అందులోంచే. ‘ఎవడో ప్లాట్లు వేసే బదులు మనమే కొనేద్దాం’ అని ఎవరో అంటారు. మంచి మాట. ఆ రాత్రే రచ్చబండ దగ్గర కూర్చుని ఇంటికి ఎంత పడుతుందో లెక్క కడతారు. మా మనవి ఆ రాత్రి గురించే. ముందు తేలాల్సింది ఇంటికి ఎంత అన్నది కాదు, పట్టా ఎవరి పేరు మీద అన్నది. డబ్బు చాలక బేరం ఆగితే ఎవరి డబ్బు వాళ్లకు తిరిగి వెళ్తుంది. పేరు దగ్గర తప్పు జరిగితే, ఇరవై ఏళ్లు గడిచాక ఊరు ఊరంతా కోర్టు మెట్లెక్కుతుంది.

మన దగ్గరి అలవాటు తెలిసిందే. నలుగురు నమ్మకమైన పెద్దమనుషుల పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తారు. వాళ్లు నిజంగానే నమ్మకమైనవాళ్లు. చిక్కు వాళ్లతో కాదు. చట్టం దృష్టిలో ఆ నలుగురే యజమానులు, ఊరు ఎక్కడా లేదు. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి యజమాని తన వాటాను ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఒకాయన పోతే ఆయన వాటా కొడుకులకు, కూతుళ్లకు చేరుతుంది. వాళ్లలో ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు బెంగళూరులో ఉంటారు, ఊరి మాటతో వాళ్లకు పట్టింపు ఉండాలని లేదు. ఎవరో ఒకరు పంపకం దావా వేస్తారు. భూమిని సర్దుబాటుగా పంచడం కుదరదనుకుంటే 1893 నాటి విభజన చట్టం కింద కోర్టు దాన్ని అమ్మించి డబ్బు పంచవచ్చు.

‘దస్తావేజులో ఎప్పటికీ అమ్మరాదని రాయిస్తాం కదా’ అంటారు. ఆ షరతు చెల్లదు. కొన్నవాడు అసలెప్పుడూ అమ్మకూడదని పెట్టే షరతును అదే చట్టం 10వ సెక్షన్ కొట్టిపారేస్తుంది. ఇంతకన్నా పెద్ద గండం బినామీ చట్టం. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే అది బినామీ లావాదేవీ. 1988 నాటి ఈ చట్టాన్ని 2016 సవరణతో చాలా గట్టిపరిచారు. ఆస్తి జప్తు కావచ్చు. పైగా ‘భూమి మాది, వాళ్లు పేరుకే ఉన్నారు’ అని మీరు దావా వేస్తే కోర్టు ఆ దావాను వినదు. ట్రస్టీలాంటి హోదాలో, ఇతరుల మేలు కోసం పట్టుకున్న ఆస్తికి మినహాయింపు ఉంది. అయితే ఆ హోదా కాగితం మీద కనబడాలి. రచ్చబండ మీద చేసిన ప్రమాణం కాగితం కాదు.

భూమిని ఊరికి ఇవ్వడం మనకు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలు ఇచ్చిన దగ్గరే భూదానం మొదలైంది. ఊరి భూమినంతా ఊరికే రాసిచ్చే గ్రామదానం కూడా దాని వెంటే వచ్చింది, 1965లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి చట్టమూ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో భూదాన భూములు ఎన్నో చోట్ల వివాదాల్లో పడ్డాయి. ఇచ్చిన భూమి రెవెన్యూ రికార్డులో మారకపోవడం, హద్దులు చూపకపోవడం అందుకు పెద్ద కారణాలు. దానమిచ్చిన భూమికే ఆ గతి పట్టినప్పుడు, కొన్న భూమికి కాగితం ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి.

మరి ఎవరి పేరు మీద? మీ ముందు నాలుగు దారులున్నాయి. భూమి మీద పంటో పండ్లతోటో వేసి ఆదాయం తీయాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అంటే అందరూ మాక్స్ అనే చట్టం కింద సంఘం పెట్టుకోండి. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది ఉంటే చాలు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకే ఓటు. సభ్యుడు బయటికి వెళ్లేటప్పుడు తన వాటా డబ్బు తీసుకుంటాడు తప్ప ‘నా అరెకరం నాకు కోసివ్వండి’ అనలేడు. ఈ ఒక్క కారణంతోనే మేం దీనివైపు మొగ్గుతాం. మేత, ఆటస్థలం, శ్మశానం లాంటి వాడకానికైతే ట్రస్టు గానీ, 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో సొసైటీ గానీ సరిపోతుంది. ప్రొడ్యూసర్ కంపెనీలోనూ మనిషికి ఒకే ఓటు. కానీ ఆడిటర్, ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు పత్రాలు, ఆలస్యమైతే రోజువారీ జరిమానాలు ఉంటాయి. పదెకరాల కోసం అంత బరువు మోయడం దండగ. నాలుగోది పంచాయతీకి దానపత్రం రాసివ్వడం. ఖర్చు తక్కువే కానీ ఆ తర్వాత భూమి మీద మాట మీది కాదు, పాలకవర్గానిది. రేపు అక్కడ డంపింగ్ యార్డో నీళ్ల ట్యాంకో కడతామంటే అడ్డుపడటం కష్టం. శ్మశానం ఒక్కదానికి మాత్రం పంచాయతీయే మేలని మా అభిప్రాయం.

బైలాలు, అంటే సంఘం నియమాలు, రాసేటప్పుడు నమూనా కాగితం జిరాక్స్ తీసి సంతకాలు పెట్టకండి. అమ్మకానికి మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలని, ఆరు నెలల తేడాతో రెండు సార్లు తీర్మానం కావాలని రాయండి. ‘హాజరైన సభ్యుల్లో’ అని రాశారో, వానాకాలం సాయంత్రం పదిహేనుమంది కూర్చుని భూమి అమ్మేయగలరు. బయటి తాళం ఒకటి ఉంటే ఇంకా మంచిది. స్కాట్లండ్‌లో ఎగ్ అనే చిన్న దీవిని అక్కడివాళ్లు 1997 జూన్ 12న 15 లక్షల పౌండ్లకు కొన్నప్పుడు, ట్రస్టులో దీవి వాసుల సంఘంతో పాటు అక్కడి జిల్లా పాలక మండలిని, ఒక వన్యప్రాణి సంరక్షణ సంస్థను కూడా చేర్చుకున్నారు. మీరు కూడా మండల సమాఖ్యనో, నమ్మకమైన ఇంకో సంస్థనో ట్రస్టీగా కూర్చోబెట్టి, అమ్మకం విషయంలో మాత్రమే దాని సంతకం కావాలని పెట్టుకోవచ్చు.

ఓటు సంగతి ఇంకొకటి. ఇంటికి ఒక ఓటు అంటే అది ఆ ఇంటి మగాయన ఓటే అవుతుంది. భార్యాభర్తలిద్దరికీ సభ్యత్వం ఇవ్వండి. సభ్యత్వ వాటా అందరికీ ఒకటే, రూ.1,000 అనుకోండి. ఆపై ఎవరు ఎంత ఇచ్చినా అది చందా, రసీదు ఉంటుంది తప్ప అదనపు ఓటు ఉండదు. లక్ష ఇచ్చినాయనకు పది ఓట్లు ఇస్తే అది ఊరి భూమి కాదు, పెట్టుబడిదారుల భూమి. భూమి లేని కూలి కుటుంబాలకు ఆ వెయ్యిని కూడా వాయిదాల్లో పెట్టండి. మేత భూమి అవసరం అందరికన్నా ఎక్కువ వాళ్లకే, జాబితాలో అందరికన్నా చివర ఉండేదీ వాళ్లే.

ఇప్పుడు డబ్బు లెక్క. ఉదాహరణకు పదెకరాలు, ఎకరం రూ.18 లక్షలు, ఊళ్లో 240 ఇళ్లు. కోటీ 80 లక్షలను 240తో భాగించి ఇంటికి రూ.75,000 అని ప్రకటిస్తారు. అక్కడే తప్పు జరుగుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే రూ.13.5 లక్షలు. సర్వే, లాయరు అభిప్రాయం, పత్రికా ప్రకటన కలిపి ఒక లక్ష. కంచెకు నాలుగు లక్షలు. వీటి మీద ఐదు శాతం చేతిలో ఉంచుకుంటే మొత్తం రూ.2.08 కోట్లు దాటుతుంది. ఇంటికి దాదాపు రూ.87,000. ఆ పన్నెండు వేల తేడాను రిజిస్ట్రేషన్ వారంలో మళ్లీ అడగాల్సి వస్తే కమిటీ పరువు పోతుంది. మాట ఇచ్చిన ఇళ్లన్నీ ఇవ్వవు, అది కూడా లెక్కలో ఉండాలి. 240 ఇళ్లనుకుంటే 200 ఇళ్ల డబ్బుతో బేరం తెగేలా చూసుకోండి.

కంచె ఖర్చు ఎకరాలను బట్టి కాదు, భూమి ఆకారాన్ని బట్టి ఉంటుంది. పదెకరాలంటే దాదాపు 40,470 చదరపు మీటర్లు. చతురస్రంగా ఉంటే చుట్టుకొలత సుమారు 805 మీటర్లు. పది అడుగులకో కడీ (రాతి స్తంభం) చొప్పున 265 కడీలు, ఐదు వరుసలకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ముళ్లతీగ. అదే పదెకరాలు 50 మీటర్ల వెడల్పుతో కాలువ పొడవునా పట్టీలా ఉంటే చుట్టుకొలత 1,700 మీటర్లు దాటుతుంది, కంచె ఖర్చు రెట్టింపు. బేరానికి ముందే ఒకసారి చుట్టూ నడిచి కొలవండి.

నగదు ముచ్చట సూటిగా చెప్పాలి. ‘కాగితం మీద ఎకరం ఆరు లక్షలు వేసుకుందాం, మిగతాది చేతికివ్వండి’ అని అమ్మేవాళ్లు అడుగుతారు. ఒక కుటుంబం కొంటే ఏం చేస్తారో మాకు తెలుసు, మీకూ తెలుసు. చందాలతో కొనే సంఘం మాత్రం ఆ పని చేయనే కూడదు. రసీదులిచ్చి వసూలు చేసిన డబ్బు రెండు కోట్లు, దస్తావేజులో అరవై లక్షలు ఉంటే, మిగతాది ఎవరు తిన్నారని మొదట అడిగేది మీ ఊరివాళ్లే. భూమి లావాదేవీలో రూ.20,000, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడవచ్చు. పల్లెల్లోని వ్యవసాయ భూమి అమ్మకం మీద సాధారణంగా మూలధన లాభాల పన్ను ఉండదు కాబట్టి అమ్మేవాళ్లకు పూర్తి ధర చూపడం వల్ల నష్టం తక్కువే. చాలామందికి ఈ సంగతి తెలియక భయపడతారు, కూర్చోబెట్టి చెప్పండి. స్టాంపు డ్యూటీ తగ్గించే అధికారం స్టాంపుల చట్టం 9వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది. ఊరి అవసరానికి కొంటున్నామని కలెక్టరు ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అయ్యాక అడిగి లాభం లేదు.

అమెరికాలో ఉన్న ఊరి బిడ్డలు డబ్బు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా చందా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం అది తీసుకోకూడదు. తమ్ముడి ఖాతాలో వేసి అక్కడి నుంచి మళ్లిస్తే సరిపోతుందనుకోవద్దు. ఇక ఎన్నారైలు, ఓసీఐలు వ్యవసాయ భూమిని కొనుక్కోవడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. దస్తావేజులో కొన్నవాళ్ల జాబితాలో వాళ్ల పేర్లు రానీయకండి.

బయానా, అంటే అడ్వాన్సు, దగ్గర తొందరపడతారు. స్కాట్లండ్‌లో 2003 చట్టం కింద ఊరు ముందుగా పేరు నమోదు చేసుకుంటే, ఆ భూమి అమ్మకానికి వచ్చినప్పుడు కొనే మొదటి హక్కు ఊరిదే. ప్రభుత్వం నియమించిన మదింపుదారు ధర కడతాడు, డబ్బు కూర్చుకోవడానికి నెలల గడువు దొరుకుతుంది. మనకు అలాంటి చట్టం లేదు. మీకు దొరికే గడువల్లా అగ్రిమెంటులో రాయించుకున్న రోజులే. నలభై ఐదు రోజులకు ఒప్పుకోవద్దు. నూట ఇరవై రోజులు అడగండి, బయానా పది శాతం దాటనివ్వకండి. సర్వేలో విస్తీర్ణం తగ్గితే కొలిచినంతకే డబ్బు అని, హక్కులో లోపం తేలితే ఇన్ని రోజుల్లో బయానా వాపసు అని రాయించండి. అగ్రిమెంటు కేవలం ఒప్పందమే, దానితో భూమి మీది కాదు. మాట తప్పితే కోర్టుకు వెళ్లడానికి గడువు మూడేళ్లు.

సంతకం పెట్టాల్సింది పాసుపుస్తకంలో పేరున్న ఆయన ఒక్కడే అనుకోవడం మనవాళ్ల పాత జబ్బు. తాతల నాటి భూమి అయితే ఆడబిడ్డలకూ పుట్టుకతో వాటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే, పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు ఉంది. 2005 కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది, 2020లో సుప్రీంకోర్టు తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పని లేదని తేల్చింది. వంశవృక్షం తీయించి, ప్రతి పేరుకూ సంతకం అడగండి. విదేశంలో ఉన్న కూతురు పంపే జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికారమిచ్చే పత్రం) భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణతో రావాలి, మన దగ్గరికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా ముందుకు వెళ్లకండి.

కాగితాల తనిఖీలో ఒక విచిత్రం తరచుగా బయటపడుతుంది: కొనబోయే భూమిలో కొంత ఇప్పటికే ఊరిదే. పాత రికార్డులో శిఖం (చెరువు భూమి), బంచరాయి (మేత భూమి), పోరంబోకు (ప్రభుత్వ, ఉమ్మడి భూమి) అని ఉన్నది మధ్యలో ఎవరి ఖాతాలోకో చేరి ఉంటుంది. దానికి మళ్లీ డబ్బు కట్టకండి. ఆక్రమణలు తొలగించి ఊరి ఉమ్మడి భూములను ఊరికి అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రతితో తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, మిగతా భూమికే బేరం చేయండి.

తెలంగాణలో అయితే సేత్వార్ (పాత సర్వే నాటి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి, పదేళ్లకో పహాణీ (ఏటా రాసే సాగు రికార్డు) చొప్పున ఇప్పటి ఆన్‌లైన్ భూభారతి రికార్డు దాకా పేరు ఎలా మారుతూ వచ్చిందో చూడాలి. రక్షిత కౌలుదారు పేరు, అతనికి యాజమాన్యం ఇచ్చే 38-ఇ ధ్రువపత్రం, ఇనాం అన్న మాట, వక్ఫ్, దేవాదాయ, సీలింగ్ మిగులు (పరిమితికి మించి ఉందని ప్రభుత్వం తీసుకున్న భూమి) ఏది కనబడినా అక్కడే ఆగి లాయరును అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే రిజిస్టరు), అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలుంటే అది చుక్కల భూమి, అంటే యజమాని ఎవరో రికార్డులో తేలని భూమి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు ఉంటుంది. ఒకే ఎల్‌పీఎంలో ఇద్దరు ముగ్గురి పేర్లుంటే విడగొట్టించాకే డబ్బు కట్టండి. రెండు చోట్లా 22ఎ నిషేధిత జాబితా (రిజిస్టరు చేయకూడని భూముల జాబితా) చూడటం తప్పనిసరి. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూమి విషయంలో నోటి మాట నమ్మొద్దు, అమ్మొచ్చో లేదో కలెక్టరు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఈసీ, అంటే భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కార్యాలయంలో చేతిరాత పుస్తకాల నుంచి తీయించాలి. ఈసీలో కోర్టు దావా కనబడదు, రిజిస్టరు కాని అగ్రిమెంటూ కనబడదు. అందుకే కోర్టుల వెబ్‌సైటులో అమ్మేవాళ్ల పేర్లతో వెతకాలి, రెండు తెలుగు పత్రికల్లో పదిహేను రోజుల గడువుతో ప్రకటన ఇవ్వాలి.

ఏజెన్సీ ఊళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 1/70 (గిరిజన ప్రాంతాల్లో భూమి బదిలీని కట్టడి చేసే చట్టం) అమలులో ఉన్నచోట గిరిజనేతరుడి దగ్గర నుంచి కూడా గిరిజనేతరులు భూమి కొనలేరు. సభ్యులంతా షెడ్యూల్డ్ తెగల వారే అయిన సహకార సంఘానికి మాత్రం చట్టమే దారి ఇచ్చింది. ఒక్క గిరిజనేతరుడు సభ్యుడైనా ఆ దారి మూసుకుపోతుంది. ఇక పెద్ద విస్తీర్ణం కొనేవాళ్లు 1973 భూసంస్కరణల చట్టం మరవకూడదు. సంఘం అయినా ట్రస్టు అయినా అందులో ఒక ‘వ్యక్తి’ కిందే లెక్క. ఒక ‘వ్యక్తి’ ఉంచుకోగల పరిమితి మెట్ట భూమికి నేల తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలు, తరికి (నీటి వసతి ఉన్న భూమికి) ఇంకా తక్కువ.

సర్వే రోజున చుట్టుపక్కల రైతులకు ముందే నోటీసులు అందాలి, వాళ్ల సంతకాలు పంచనామాలో ఉండాలి. కాగితం మీద పదెకరాలు ఉన్నది నేల మీద తొమ్మిదెకరాల పన్నెండు గుంటలే తేలడం మామూలే. దారి సంగతీ అప్పుడే తేల్చుకోండి. బండ్లబాట నక్షలో లేకపోతే, మధ్యలో ఉన్న రైతు నుంచి దారి హక్కును రిజిస్టరు చేయించుకోండి. ఇప్పుడు ఊరందరూ ఒక్కటే అంటాడు, ఆయన కొడుకు గేటు పెడతాడు. భూమిలో కౌలుదారు పంట ఉంటే కోత అయ్యాకే స్వాధీనం అని రాసుకోండి.

రిజిస్ట్రేషన్‌కు సంఘం పాన్, ఫలానా ఇద్దరికి సంతకం చేసే అధికారం ఇచ్చిన తీర్మానం, బైలాల ధ్రువీకరించిన ప్రతి పట్టుకెళ్లాలి. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దారు దగ్గర స్లాటు. సంస్థ పేరు మీద స్లాటు, పాసుపుస్తకం ఎలా వస్తాయో ముందు వారమే వెళ్లి అడగండి. ఆ రోజున ‘సంస్థ పేరు ఎక్కడం లేదు, అధ్యక్షుడి పేరు వేసేద్దాం’ అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో సబ్ రిజిస్ట్రారు దగ్గర పని అయ్యాక మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) జరిగి 1బిలో సంఘం పేరు వచ్చిందో లేదో చూసుకునేదాకా పని అయినట్టు కాదు.

ఆ తర్వాత మొదటి వానకు ముందే హద్దురాళ్లు, కంచె, బోర్డు పడాలి. ఎన్ని మేకలు, ఎన్ని గేదెలు, ఏ నెలల్లో మేత బంద్, పండ్ల వేలం ఎప్పుడు అన్నది మొదటి మహాసభలోనే రాసుకోండి. పక్క రైతు నాగలి ఏటా ఒక సాలు లోపలికి జరగడం ఎక్కడైనా ఉన్నదే. పన్నెండేళ్లు అడగకుండా ఊరుకుంటే ఆ సాళ్లు ఆయనవే అయిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఏటా సంక్రాంతి ముందు హద్దురాళ్లు లెక్కపెట్టండి, ఒక ఈసీ, ఒక 1బి తీసి సంఘం ఫైలులో పెట్టండి. ఆ ఫైలు అధ్యక్షుడి ఇంట్లో కాకుండా సంఘం బీరువాలో ఉంచండి. అసలు దస్తావేజుకు బ్యాంకు లాకరు తీసుకోండి, తాళం ఇద్దరి సంతకాలతోనే తెరుచుకునేలా.

ఇట్లు,
భూమి పత్రాలు, కొలతలు చూసే పనిలో ఉన్న కొందరం